ఆకుపచ్చ సరే

ఆఫీసులో ఆమెను అందరూ రంగులమ్మ అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుగా మేడమ్ అనేవారు. చాటు పేరు సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేది, ఎందుకంటే ఆ పేరు ఆమెకి లోలోపల నచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, మెడలో కళ్ళద్దాల తాడు, చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఫోను.

ఆమె చేసే పని ఏమిటో చుట్టాలకి చెప్పడం పెద్ద తలనొప్పి. "కంప్యూటర్‌లో ఏదో" అని సరిపెట్టేది. అసలు సంగతి ఇది. ఫోనులో ఏదైనా రాయబోతే కిందనుంచి అక్షరాల పలక ఒకటి పైకి లేస్తుంది కదా, ఆ కీబోర్డు. యాప్‌లు తయారుచేసేవాళ్ళలో కొందరికి ఫోనుతో పాటు వచ్చే కీబోర్డు కంటికి ఆనదు. బ్యాంకు వాళ్ళకి తమ రంగులో కావాలి, ఆటల వాళ్ళకి మెరుస్తూ కావాలి, పిల్లల చదువుల వాళ్ళకి బొద్దుగా, గుండ్రంగా కావాలి. అలాంటివాళ్ళకి కీబోర్డులు చేసిచ్చే చిన్న కంపెనీ అది. ఒక మేడలో రెండో అంతస్తు, మూడు గదులు, పన్నెండు మంది. లోపలి యంత్రాంగం అందరికీ ఒకటే, పైరూపు మాత్రం ఎవరిది వాళ్ళకి. ఆ పైరూపు రంగులమ్మ పని. మీట ఎంత వెడల్పు, మూల ఎంత గుండ్రం, మీటకీ మీటకీ మధ్య ఎంత సందు, అక్షరం ఎంత లావు, వేలు పడగానే మీట రంగు ఎంత ముదరాలి, అన్నీ ఆమే తేల్చాలి.

అందులో ఆమెకి చెయ్యి తిరిగిన విద్య ఒకటుంది. ఏ యాప్ అయినా చివరికి మననుంచి కోరేది ఒక్కటే, ఒప్పుకోమని. అందుకని ఒప్పుకునే మీటకి రంగు వేస్తారు, వెడల్పు చేస్తారు, బొటనవేలు తనంతట తాను వాలే చోట పెడతారు. కాదనే మీటకి తెల్లటి పలక మీద లేత బూడిద అక్షరం, అదీ సన్నగా, ఓ మూల. ఉందని చెప్పడానికి ఉంటుంది, అంతే. ఇది ఈ వృత్తిలో అందరూ చేసేదే. రంగులమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. మీటకి కనపడే గీత ఒకటి, తగిలే గీత ఒకటి ఉంటాయి. కనపడే గీత దాటి వేలు కాస్త పక్కన పడ్డా ఆ మీటే నొక్కినట్టు లెక్కగట్టేలా తగిలే గీతని పక్కకి జరపొచ్చు. ఆమె దాన్ని ఎంత జరిపేదంటే, వేలు కాదనే మీట అంచు మీద పడ్డా ఫోను ఒప్పుకున్నట్టే తీసుకునేది. "నీ మీట వేలిని పిలుస్తుందక్కా" అనేవాడు కంపెనీ ఓనరు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, నోరారా అక్కా అని పిలిచేవాడు. ఆ మాటకి ఆమె పొంగిపోయేది. ఈ లోకంలో కాదనడానికి ఉన్న కాస్త చోటునూ కుదించే పనికి అంత పొంగు దేనికని నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆవిడ్ని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. పని బాగా చేస్తే మెచ్చుకుంటారు, మెచ్చుకుంటే ఇంకా బాగా చేస్తాం.

ఇంట్లో మాత్రం ఆమె చేతి మహిమ పారేది కాదు. ఆమె భర్త డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నేర్చుకునేవాళ్ళు ఆయనకి బ్రేకు మాస్టారని పేరు పెట్టారు. కారులో పక్కసీటులో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టించుకుని, వీధి చివరిదాకా వినపడేలా "బ్రేకు! బ్రేకు!" అని అరిచేవాడు. ఇంట్లో ఆయన మొదటి మాట ఎప్పుడూ "వద్దు". టీ తాగుతారా అంటే వద్దు. కర్టెన్లు మారుద్దామా అంటే వద్దు. ఫ్యాను వెయ్యనా అంటే వద్దు. ఓ నిమిషం ఆగాక టీ తాగేవాడు, ఫ్యాను కింద కూర్చునేవాడు, కర్టెన్లు మాత్రం మార్చనిచ్చేవాడు కాదు. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరి మధ్యా ఇరవై రెండేళ్ళుగా ఆ వద్దు మీద వాదనలే సందడి.

"మీకు నేనంటే ఇష్టమేనా అని అడిగితే కూడా వద్దంటారు మీరు" అని ఓసారి విసుక్కుంది.

"ముందు వద్దనాలోయ్. తర్వాత ఆలోచించుకోవచ్చు. బ్రేకు మీద కాలుండాలి" అన్నాడు ఆయన.

అలాంటి మనిషికి ఓ ఏడాది మాట ముద్దగా రావడం మొదలైంది. మాస్టారు తాగి వస్తున్నారని నేర్చుకునేవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆయన జన్మలో తాగినవాడు కాదు, ఆ మాటకి కుమిలిపోయాడు. తీరా చూస్తే నరాల జబ్బు. కండరాలు ఒక్కొక్కటే ఒట్టిపోయే జబ్బు, మందు లేని జబ్బు. ముందు నాలుక పోయింది. తర్వాత కాళ్ళు, తర్వాత కుడిచెయ్యి. మెడ నిలవక పట్టీ కట్టారు. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన ఒంట్లో చెప్పినట్టు వినేది ఎడమచేతి బొటనవేలు ఒక్కటే. ఆయన అక్క, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి, పెట్టె సర్దుకుని వచ్చేసింది. పగలంతా తమ్ముడి దగ్గర ఆవిడ కూర్చుంటే, రంగులమ్మ ఆఫీసుకి వెళ్ళి వచ్చేది.

సరిగ్గా అప్పుడే కంపెనీకి ఓ పని వచ్చింది. మాట పోయినవాళ్ళ కోసం యాప్ చేస్తున్న ఓ అమ్మాయి ఫోను చేసింది. రాసింది ఫోను పైకి చదువుతుంది. రాయలేనివాళ్ళ కోసం కీబోర్డు అడుగున నాలుగు మాటలు సిద్ధంగా ఉంటాయి. సరే, వద్దు, నీళ్ళు, నొప్పి. వేలు పెడితే చాలు, ఫోను ఆ మాట అంటుంది.

"ప్రశాంతంగా ఉండాలి మేడమ్. చూడగానే ఆస్పత్రి గుర్తు రాకూడదు. మిగతాదంతా మీ ఇష్టం" అంది యాప్ అమ్మాయి.

రంగులమ్మ ఆ పనిని ఎవరికీ ఇవ్వలేదు. ఇది నాది, మా ఆయన కోసం అని ఓనరుతో గట్టిగా చెప్పింది. నాలుగు రోజులు తల ఎత్తకుండా చేసింది. లేత ఆకుపచ్చ, తెలుపు, మెత్తటి మూలలు. పై వరసలో నీళ్ళు, నొప్పి. కింది వరసలో ఎడమ పక్క, బొటనవేలు వాలే చోట, వెడల్పుగా ఆకుపచ్చ సరే. కుడి మూలన సన్నగా బూడిదరంగు వద్దు. కావాలని చేసిందా అంటే, లేదు. ఆలోచించి చేసిందా అంటే, అదీ లేదు. పద్దెనిమిదేళ్ళుగా చెయ్యి ఎలా పోతుందో అలాగే పోయింది. తగిలే గీత కూడా చెయ్యి దానంతటదే పక్కకి జరిపేసింది. బల్ల మీద వరసగా ఉన్న ఆరు ఫోన్ల మీద పరీక్షించింది. కిటికీ దగ్గర ఎండలో చూసింది, దీపం ఆర్పి చూసింది. అన్నిటి మీదా నొక్కి చూసింది ఒక్క బొటనవేలితోనే. అది తనది, ఆరోగ్యంగా ఉన్నది.

యాప్ ఇంకా బయటికి రాకముందే పదకొండు ఇళ్ళలో వాడి చూడటానికి ఇచ్చారు. ఏడో ఇల్లు రంగులమ్మది. వేలు ఎక్కడ పడిందీ, ఎటు పాకిందీ ఆ యాప్ రాసుకుంటుంది. అందుకు ఒప్పుకుంటూ ఆమే సంతకం పెట్టింది. ఫోనుని మంచం పక్క చిన్న మెత్త మీద ఆనించి, ఆయన ఎడమచేతి కింద అమర్చింది.

"టీ తాగుతారా?" అని అడిగింది.

వేలు కదిలింది. కాసేపటికి ఫోనులోని గొంతు, మర్యాదస్తుడి గొంతు, "సరే" అంది.

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఎన్ని నెలలకో ఆ ఇంట్లో నవ్వు వినపడింది. ఆ రోజు ఆయన ఏది అడిగినా సరే అన్నాడు. మర్నాడూ అంతే. దుప్పటి కప్పనా అంటే సరే. టీవీ పెట్టనా అంటే సరే. కర్టెన్లు మార్చనా అని సరదాకి అడిగితే, దానికీ సరే. రంగులమ్మ ఆ శనివారమే కొత్త కర్టెన్లు తెచ్చి కట్టింది.

"జబ్బు మనిషిని మెత్తబరుస్తుందే అమ్మాయ్. చిన్నప్పుడు వీడితో అన్నం తినిపించాలంటే మా అమ్మకి ప్రాణం పోయేది. ఇప్పుడు చూడు" అంది వదిన.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రంగులమ్మకి హాయిగా ఉండింది. ఇరవై రెండేళ్ళ తర్వాత భర్త తన మాటకి తల ఊపుతున్నట్టు ఉండింది. ఈయన ఇలాంటివాడు కాదే అని ఒకటి రెండుసార్లు మనసులో ముల్లులా గుచ్చుకున్నా, ఆ ముల్లుని అక్కడే వదిలేసింది.

ఆ తర్వాత కారు సంగతి వచ్చింది. డ్రైవింగ్ స్కూలు మూతపడి ఏడాది దాటింది. కారు సందులో దుమ్ము పట్టి ఉంది. ఎవరో కొంటామని వచ్చారు.

"ఏరా తమ్ముడూ, అమ్మేద్దామా?" అని అడిగింది వదిన.

"సరే" అంది ఫోను. వెంటనే మళ్ళీ "సరే" అంది. ఇంకోసారి "సరే" అంది.

"సరేలేరా, ఒకసారి చెబితే చాలు, అంత తొందరేంటి" అని వదిన ఆయన తల నిమిరింది. కారుని సందులోంచి బయటికి తీస్తుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. వదిన తుడిచింది. ఎంతైనా ఇష్టంగా చూసుకున్న బండి కదా, బాధ ఉండదా అనుకున్నారు.

కళ్ళతో చెప్పమని అడగొచ్చుగా, రెప్ప వేస్తే ఒకటి, వెయ్యకపోతే ఒకటి అని పెట్టుకోవచ్చుగా అని మీరంటారు. అడగొచ్చు. కానీ ఫోను చక్కగా మాట్లాడుతుంటే కళ్ళవంక ఎవరు చూస్తారు?

శీతాకాలం వచ్చేసరికి ఆయనకి ఊపిరి అందడం కష్టమైంది. ఆస్పత్రిలో చేర్చారు. నరాల డాక్టరు పెద్దావిడ, నిదానస్తురాలు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, భార్యతో కాకుండా ఆయనతోనే మాట్లాడింది.

"మాస్టారూ, ఊపిరి తీసే కండరాలు అలిసిపోతున్నాయి. రెండు దారులున్నాయి. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి మిషను పెట్టొచ్చు. పెడితే బతుకుతారు, ఏళ్ళ తరబడి కూడా బతకొచ్చు. కానీ జబ్బు ఆగదు. ఈ వేలు కూడా పోతుంది, తర్వాత కళ్ళు తిప్పడం కూడా కష్టం కావచ్చు. ఒకసారి పెట్టాక మళ్ళీ తీయడం ఉండదు. రెండో దారి, మిషను వద్దనుకోవడం. అప్పుడు ఊపిరాడని బాధ తెలియకుండా మేం దగ్గరుండి చూసుకుంటాం. ఎక్కువ రోజులు ఉండరు. ఇది ఇంకెవరూ చెప్పకూడదు, మీరే చెప్పాలి. మిషను పెట్టమంటారా?"

రంగులమ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది. ఈ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నోరున్న రోజుల్లో జబ్బు మాటెత్తితే ఆయన వద్దనేవాడు, నోరు పోయాక ఆమెకి ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆమెకి ఆయన కావాలి. ఎలాగైనా, ఏ రూపంలోనైనా కావాలి. ఇంటికి వెళ్ళేసరికి ఆ మంచం మీద ఆయన ఉండాలి.

బొటనవేలు వణికింది. చాలాసేపు పట్టింది. "సరే" అంది ఫోను.

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మళ్ళీ అడుగుతాను. మిషను పెట్టమంటారా?"

"సరే."

"మూడోసారి అడగడం నా అలవాటు, ఏమీ అనుకోకండి. బాగా ఆలోచించుకునే చెబుతున్నారా? పెట్టమంటారా?"

"సరే" అంది ఫోను. డాక్టరు కాగితం మీద రాసుకుంటుంటే కూడా అది ఆగలేదు. సరే, సరే, సరే అంటూనే ఉంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, కళ్ళు డాక్టరు మొహం మీదే ఉన్నాయి.

"తెలిసింది మాస్టారూ, తెలిసింది" అని డాక్టరు ఆయన భుజం తట్టి లేచింది. రేపు పొద్దున్నే ఆపరేషన్ అని చెప్పి వెళ్ళింది.

రంగులమ్మ గుండెల మీంచి బండరాయి దిగింది. ఆయన ఛాతీ మీద తల ఆనించి ఏడ్చింది, సంతోషంతోనే ఏడ్చింది. ఆ కదలికకి మెత్త మీద ఫోను కాస్త కిందికి జారింది. వేలు ఇంకా ఏదో నొక్కుతోంది. ఆమె తలెత్తి చూసి, "ఇంక చాలండీ, శ్రమపడకండి. మీ మనసు నాకు తెలుసు" అంది. ఫోనుని వేలికింద నుంచి తీసి ఛార్జింగ్‌కి పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తిరగకుండానే మిషనుతో సహా ఇంటికి తెచ్చారు. అది మంచం పక్కన నిలబడి నిమిషానికి పద్నాలుగుసార్లు ఆయన ఛాతీని పైకి లేపి దించుతుంది. బొటనవేలు బాగా మందగించింది. ఫోను పెద్దగా మాట్లాడటం లేదు. ఆయన కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూస్తూ ఉంటాడు, రంగులమ్మ ఆ కళ్ళకి ఎదురుగా వంగి నవ్వితే పక్కకి తిప్పుకుంటాడు. నీరసం అనుకుంది.

ఇంకో రెండు వారాలకి, ఆఫీసులో, ఓనరు తన గదిలోంచి హుషారుగా వచ్చాడు.

"అక్కా, నీ సరే మీట అదిరిపోయింది. పదకొండు ఇళ్ళ లెక్క వచ్చింది. నూటికి తొంభై నాలుగు నొక్కులు దాని మీదే."

ఆమె నవ్వబోయింది. ఫోను మోగింది. యాప్ అమ్మాయి.

"మేడమ్, నాకు అనుమానంగా ఉంది. ఇంతమంది మంచాన పడ్డ మనుషులు ఇన్ని నెలల్లో దేన్నీ వద్దనలేదంటే ఎలా నమ్మేది? నొప్పి అనేవాళ్ళున్నారు, నీళ్ళు అడిగేవాళ్ళున్నారు. వద్దు మాత్రం ఎవరూ అనలేదు. ఒక్కరు కూడా అనలేదు. వేలి జాడల బొమ్మలు పంపించాను. మీరే చూడండి."

రంగులమ్మ బొమ్మలు తెరిచింది. ఒక్కో ఇంటికీ ఒక్కో కీబోర్డు బొమ్మ, దాని మీద వేలు పాకిన దారులు సన్నటి ఎర్ర గీతలుగా ఉన్నాయి. మొదటిది పెద్దది చేసుకుని చూసింది. గీతలన్నీ ఆకుపచ్చ మీట మీద మొదలై కుడివైపు పాకాయి. బూడిదరంగు మీట దాకా వెళ్ళి, దాని అంచు మీద ఆగిపోయాయి. ఆ మీట మీదికి వేలు చేరింది కూడా. కానీ ఆ చోటు ఆమె జరిపిన తగిలే గీతకి ఇవతలే. అక్కడ వేలు ఎత్తితే ఫోను సరే అనే అంటుంది. రెండో ఇల్లూ అంతే, మూడూ అంతే.

ఏడో బొమ్మ వదిలేసి ముందు మిగతావన్నీ చూసింది. తర్వాత తెరిచింది. తారీఖుల వారీగా చూసుకుంటూ పోయింది. టీ. దుప్పటి. కర్టెన్లు. కారు అమ్మిన రోజు మూడు గీతలు, మూడూ కుడివైపుకే. ఆస్పత్రి రోజు పదకొండు నిమిషాల్లో ఇరవై ఆరు గీతలున్నాయి. ఇరవై ఆరూ బూడిదరంగు మీట వైపే పాకాయి. ఒక్కటి, ఒక్క గీత కూడా, ఆకుపచ్చ మీట మీద ఊరికే ఆగలేదు. చివర్లో ఫోను జారిన తర్వాత పైన అక్షరాల మీద రెండు చుక్కలున్నాయి. వ, ద. ఆ కీబోర్డు మీద వద్దు అని రాయాలంటే ఐదు నొక్కులు పడతాయి. రెండు నొక్కేసరికి ఆమె చెయ్యి ఫోనుని తీసేసుకుంది.

ఆమె లేచి మొహం కడుక్కునే చోటికి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడింది. ఏడుపు రాలేదు. ఆ వేలు ఎంత కష్టపడిందో ప్రపంచంలో చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆ గీతల పొడవు, వాటి వణుకు, ఎక్కడ ఆగి మళ్ళీ ఎక్కడ ముందుకి జరిగిందీ, అన్నీ ఆమెకి అర్థమయ్యాయి. ఎవరో చేసిన తప్పైతే తిట్టుకునైనా బతకొచ్చు.

తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఓ గంటలో కొత్త కీబోర్డు చేసింది. తెర మొత్తం రెండు సగాలు. ఎడమ సగం సరే, కుడి సగం వద్దు. రెండూ ఒకే నీలం, ఒకే లావు తెల్ల అక్షరం. మధ్యలో గీత ఒక్కటే, కనపడేదీ అదే, తగిలేదీ అదే. ఓనరు భుజం మీంచి వంగి చూశాడు.

"ఇదేంటక్కా, మరీ మొరటుగా ఉంది. అందంగా లేదు."

"లేదు" అంది ఆమె. "పదకొండు ఇళ్ళకీ ఇప్పుడే పంపించు. పాతది తీసేయమను. వాళ్ళ రోగులు ఇన్నాళ్ళూ సరే అన్నవన్నీ మళ్ళీ అడగమను."

"అలా అంటే మన పరువేం కావాలి?"

"నువ్వు పంపిస్తావా, నన్ను పంపించమంటావా?"

ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. పంపించాడు.

ఆమె మధ్యాహ్నం బస్సు పట్టుకుని ఇంటికి వచ్చింది. వదిన మంచం పక్కన బట్టలు మడతపెడుతోంది. ఇంత తొందరగా వచ్చావేమిటే అన్నా బదులివ్వకుండా చెప్పులు విడిచి, ఫోనులో పాతది తీసేసి కొత్తది పెట్టి, సరిగ్గా మధ్య గీత మీద ఆయన బొటనవేలు ఆనేలా అమర్చింది. ఇప్పుడు వేలు బియ్యపు గింజంత కదిలితే చాలు.

"ఏవండీ, టీవీ పెట్టనా?"

"వద్దు" అంది ఫోను.

వదిన చేతిలో బట్ట జారిపోయింది. ఆ మాట ఆ గొంతుతో ఆ ఇంట్లో వినడం అదే మొదలు.

"కిటికీ తెరవనా?"

"సరే."

రంగులమ్మ లేచి కిటికీ తెరిచి వచ్చింది. కర్టెన్లు గాలికి ఎగిరాయి. మంచం పట్టె మీద కూర్చుని ఆయన కళ్ళలోకి చూసింది. ఈసారి ఆయన చూపు తిప్పుకోలేదు.

"ఈ మిషను మీకు కావాలా?"

"వద్దు."

"ఆ రోజు కూడా ఇదే చెప్పారు కదూ. అవునైతే సరే అనండి."

"సరే."

వదిన మరదలి చెయ్యి పట్టి వంటగదిలోకి లాక్కెళ్ళింది. జరిగింది విని, "ఎందుకడిగావే? అడిగి ఏం చేద్దామని? తెలియకుండా ఉంటే మనకైనా బాగుండేది కదే!" అని తల బాదుకుంది.

మర్నాడు డాక్టరు ఆ బొమ్మలు చాలాసేపు చూసింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను మూడుసార్లు అడిగానమ్మా."

"అడిగారు. మీ తప్పేం లేదు."

"పెట్టకముందైతే ఆయన మాటే మాట. పెట్టాక తీయడానికి, కోర్టు తీర్పులున్నా, ఇక్కడ ఏ ఆస్పత్రీ ఒప్పుకోదు. నా చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లోనూ లేదు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఆ వేలు ఇంకో మూడు నాలుగు వారాలు పని చేస్తుందేమో. ఏమైనా అడగాలంటే ఈలోగా అడగండి" అంది.

రంగులమ్మ అడగాలనుకున్నది ఒక్కటే, నా మీద కోపంగా ఉందా అని. అడగలేకపోయింది. క్షమిస్తారా అని ఎలా అడిగినా ఆ వేలికి కష్టమే, తనకి మాత్రం ఏదో ఒక జవాబు దొరుకుతుంది. అది తీసుకునే అర్హత తనకి లేదనుకుంది.

ఆయన మాత్రం ఊరుకోలేదు. ఎవరూ ఏమీ అడగకుండానే, పొద్దున్నుంచీ, శక్తి కూడినప్పుడల్లా వేలు కుడివైపు కదిలేది. వద్దు. పది నిమిషాలకి మళ్ళీ వద్దు. స్నానం చేయిస్తుంటే వద్దు, మందు ఎక్కిస్తుంటే వద్దు. ఫోనులోని మర్యాదస్తుడు విసుగూ విరామం లేకుండా చెప్పుకుపోయేవాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం రంగులమ్మ బజారునుంచి వచ్చేసరికి ఇల్లంతా మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మంచం దగ్గరికి వెళ్ళి చూస్తే బొటనవేలు కదులుతోంది. ఫోను మాట్లాడటం లేదు.

"సౌండ్ నేనే తీసేశానే" అంది వదిన గుమ్మంలో నిలబడి. "నావల్ల కాలేదు. పక్కింటివాళ్ళు కూడా అడుగుతున్నారు, ఏంటా వద్దు వద్దని. చేయగలిగింది ఏమీ లేనప్పుడు వినడం దేనికే?"

రంగులమ్మ చేతిలో సంచి కింద పెట్టి, ఫోను తీసుకుని, సౌండ్ పూర్తిగా పెంచింది. మళ్ళీ ఆయన వేలికింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"వద్దు" అంది ఫోను.

"విన్నానండీ" అంది ఆమె.

కాసేపు పోయాక మళ్ళీ "వద్దు" అంది.

"విన్నాను."

వదిన గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి, మంచానికి అటుపక్క కూర్చుని, తమ్ముడి కుడిచెయ్యి, ఎప్పుడో చచ్చుబడిన చెయ్యి, తన చేతుల్లోకి తీసుకుంది.

"వద్దు."

"విన్నాన్రా తమ్ముడూ" అంది వదిన. రంగులమ్మ కూడా విన్నానంది. మిషను ఆయన ఛాతీని పైకి లేపింది, దించింది, మళ్ళీ లేపింది.